స్టీలు చల్లన, చెక్క వెచ్చన అనే పిల్లలకు ఉష్ణం పాఠం ఎలా చెబుతున్నారు?

సుద్దముక్క:
ఏడో తరగతికి ఉష్ణం పాఠం మొదలుపెట్టాను. రాత్రంతా ఒకే గదిలో ఉన్న స్టీలు పళ్లేనికీ, పీటకూ ఉష్ణోగ్రత ఒకటేనంటే ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. "ముట్టుకుంటే పళ్లెం చల్లగా తగులుతోంది కదా టీచర్!" అంటారు. థర్మామీటర్ రెండింటికీ 29 డిగ్రీలే చూపిస్తే, అది పాడైందేమో అన్నాడొకడు. మీరేం చేస్తున్నారు?

పల్లెబడి మాస్టారు:
మేడమ్, ఐసుముక్కలు పెట్టి చూపించండి. ఒకే సైజువి రెండు, ఒకటి పీట మీద, ఇంకొకటి దోసె పెనం మీద (పలచటి పళ్లెం కన్నా మందపాటి పెనమే మేలు). ఏది ముందు కరుగుతుందో మొదట చేతులెత్తించండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. మా క్లాసులో దాదాపు అందరూ పీట మీదదే అన్నారు, వెచ్చగా ఉంది కాబట్టి. కాసేపటికే పెనం మీది ముక్క చుట్టూ నీళ్లు మడుగు కట్టాయి, పీట మీదది అంచులు కూడా అరగకుండా అలాగే ఉంది. అప్పుడు చెప్పాను, పెనం మనకు చల్లదనం ఇవ్వడం లేదురా, మన వేలిలోని ఉష్ణాన్ని గబగబా లాక్కుంటోంది, ఐసుకు తన ఉష్ణాన్ని అంతే గబగబా ఇచ్చేస్తోంది అని.

ఇద్దరు పిల్లల అమ్మ:
ఐసుకు దుప్పటి చుడితే త్వరగా కరుగుతుందని మా అమ్మాయి పందెం వేసింది. విప్పి చూస్తే, బయట పెట్టినదాని కన్నా చుట్టిందే పెద్దగా మిగిలింది! ఐసు దిమ్మెల మీద రంపపు పొట్టు పోసి గోనెసంచులు కప్పేది అందుకేనని అప్పుడు చెప్పాను.

ల్యాబ్ కోటు:
ఉష్ణం, ఉష్ణోగ్రత ఒకటే అనుకోవడం కూడా పోవాలండీ. 80 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు, 20 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు కలిపితే 50 దగ్గరికి వస్తుంది. ఆ వేడి నీళ్ల బదులు 80 డిగ్రీల ఇనుప బోల్టులు 100 గ్రాములు వేయండి, 26 దాటడమే కష్టం. ఇనుము విశిష్టోష్ణం (ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం) నీటిదాంట్లో తొమ్మిదో వంతే కదా. వేడివి మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి.

సుద్దముక్క:
మాస్టారూ, ఈరోజు చేశాను. థర్మామీటర్ పాడైందన్నవాడే పెనం మీది ముక్కను కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. చివర్లో, "మరి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి టీచర్?" అన్నాడు. అది ఆవిరవడం వల్ల కదా, దీంతో కలిపితే గందరగోళం అవుతుందని సోమవారానికి ఉంచాను. కొత్త కుండ ఒకటి కొనాలి.