సమస్యాపూరణం: చంద్రుఁ డుదయింప వికసించె సరసిజములు

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు తేటగీతి. పైన ఇచ్చిన పాదమే సమస్య, అదే చివరి పాదంగా పద్యం పూర్తి చేయాలి. కలువలకు చంద్రుడు, తామరలకు సూర్యుడు అన్నది కవిసమయం, అంటే కవుల ఆనవాయితీ. సరసిజాలంటే తామరలు కనుక సమస్య దాన్ని తలకిందులు చేసింది. ప్రతి పాదానికీ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల చిన్న కూర్పు). నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. పాదాలన్నిటా రెండో అక్షరం ఒకటే ఉండాలన్న ప్రాస నియమం లేదు కనుక టెన్షన్ వద్దు.

గోదారిగట్టు:
కొలనిలోఁ గల్వ లెప్పుడు కొమరు దాల్చు?
భానుఁ డరుదెంచి వెలుఁగంగఁ బగటివేళ
నేమి జరిగెను సరసిలో? నెఱుఁగఁ జెప్పు
చంద్రుఁ డుదయింప, వికసించె సరసిజములు.

నిర్వాహకుడు: క్రమాలంకారం. మొదటి ప్రశ్నకు సమస్యలో మొదటి ముక్క జవాబు, రెండోదానికి రెండోది. యతులు సరిపోయాయి. మూడో పాదంలో ‘నే–నె’ కుదిరింది. అయితే ఈ దారిలో ఏ సమస్యనైనా రెండు ముక్కలు చేసి గట్టెక్కొచ్చు. పూరణ నిర్దుష్టమే గానీ కవిత్వం పాలు తక్కువ.

పాలమూరు పిల్ల:
చైత్రమాసాన నవమిని సరయు చెంత
వేడి చిందించు మధ్యాహ్న వేళయందు
భూమి భారమ్ముఁ దొలఁగింపఁ బూని రామ
చంద్రుఁ డుదయింప వికసించె సరసిజములు.

గోదారిగట్టు: ‘రామ’ను పై పాదం చివర పెట్టడం పాత కిటుకే కదమ్మా! అవధానాల్లో ఎన్నిసార్లు వినలేదు?

నిర్వాహకుడు: కిటుకు పాతదే, కానీ ‘మధ్యాహ్న వేళ’ చూడండి. శ్రీరామనవమి నాడు జననం మిట్టమధ్యాహ్నం. ఆ వేళ తామరలు ఎలాగూ విచ్చుకునే ఉంటాయి. సరసిజాలంటే కళ్లనో మనసులనో లాక్కురాకుండానే విరోధం పోయింది. పైకి వైరుధ్యంగా కనిపించి, అర్థం తెలిశాక అది తొలగిపోతే విరోధాభాస. నాకు ఈ వారం బాగా నచ్చింది ఇదే. ‘సరయూ’ను కుదించారని ఎవరైనా అంటే అననివ్వండి.

కొత్తచిగురు:
పరుల దేశాన నున్నట్టి పట్టి వచ్చి
గడప లోపల నడుగిడి యమ్మ కంట
తడి తుడిచినట్టి శుభమైన తరుణమందు
చంద్రుఁ డుదయింప వికసించె సరసిజములు.
రూపకం వాడానండీ. కొడుకు చంద్రుడు, అమ్మ కళ్లు తామరలు.

నిర్వాహకుడు: భావం హాయిగా ఉంది. రెండో పాదంలో యతి తప్పింది: ‘గ’కు ‘య’ చెల్లదు. ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలపడం) అనుకుందామన్నా ‘డ’, ‘మ్మ’ కలవవు. ఇక అలంకారం. ‘కొడుకు చంద్రుడిలా ఉన్నాడు’ అంటే ఉపమ. ‘కొడుకే చంద్రుడు’ అంటే రూపకం. కొడుకు ఊసెత్తకుండా చంద్రుడనేసి ఊరుకుంటే రూపకాతిశయోక్తి. మీ చివరి పాదం చేసిన పని అదే. ‘కంట’ అని ముందే చెప్పేయడంతో పాఠకుడికి ఊహించే పని లేకుండా పోయింది. ఇలా మారిస్తే?

గడప లోపల నడుగిడి కన్నతల్లి
బుగ్గ తడినెల్లఁ దుడిచిన పుణ్యవేళ

కొత్తచిగురు: ఇందులో కన్ను అన్న మాటే లేదు కదండీ, తామరలంటే కళ్లని అందరికీ తడుతుందా?

పాలమూరు పిల్ల: బుగ్గ తడిసిందంటే ఏడ్చింది ఎవరో, దేనితోనో చెప్పాలా అన్నా? నాకైతే వెంటనే తట్టింది. ‘పుణ్యవేళ’ మాత్రం కాస్త పంచాంగం వాసన వేస్తోంది, అక్కడ ఇంకో మాట వెతకండి.