పెట్టుబడిదారీ వ్యవస్థను ఎదిరించాలంటే మామూలు మనుషులం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – రాత్రి షిఫ్టు

నేను ఒక పెద్ద గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేస్తాను. మా అందరి చేతుల్లో స్కానర్లు ఉంటాయి. ఒక వస్తువుకూ మరో వస్తువుకూ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో అవి లెక్కపెడుతూనే ఉంటాయి. నెలాఖరున అందరికన్నా వెనుకబడిన మనిషి పేరు గోడ మీది తెరపై ఎర్ర రంగులో కనిపిస్తుంది. పోయిన నెల కనిపించిన పేరు నాతోపాటే పనిలో చేరిన అతనిది. మోకాలి నొప్పితో కుంటుతూ పని చేస్తున్నాడని మా అందరికీ తెలుసు. ఎవరమూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. అతన్ని పని నుంచి తీసేశారు.

మూడేళ్లుగా చదువుతున్నాను. కూలికి మించి మన శ్రమ పుట్టించే మిగులు విలువ అంటే ఏమిటో, లాభం ఎవరి శ్రమలోంచి పుడుతుందో ఎవరికైనా వివరించగలను. కానీ తెల్లవారి పని దిగి గేటు దాటేసరికి, ఇంత పెద్ద వ్యవస్థ ముందు నేనెంత అనిపిస్తుంది. కొన్ని కంపెనీల సరుకులు కొనడం మానేశాను, దానివల్ల ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. డబ్బూ పలుకుబడీ లేనివాళ్లు కలిసికట్టుగా నిజంగా ఏం చేయగలరు? మొదటి వారం ఏం చేయాలో చెప్పగలిగినవారు చెప్పండి.

జవాబు – పాత కార్యదర్శి

తమ్ముడూ, నేను పందొమ్మిదేళ్లు దుస్తులు కుట్టే ఫ్యాక్టరీలో పని చేశాను. అందులో పదకొండేళ్లు మా సంఘానికి కార్యదర్శిని. నువ్వు రాసినదాంట్లో నన్ను పట్టి ఆపింది మిగులు విలువ కాదు, ‘మా అందరికీ తెలుసు, ఎవరమూ నోరు విప్పలేదు’ అన్న మాట. నీ పని అక్కడే మొదలవుతుంది.

మా లైనులో అరవై మందిమి. మరుగుదొడ్డికి వెళ్లాలంటే సూపర్‌వైజర్ బల్ల పక్కన కొక్కేనికి వేలాడే టోకెన్ తీసుకోవాలి. అరవై మందికీ రెండే టోకెన్లు. ఇత్తడి బిళ్లలవి, ఇన్ని చేతులు మారీ మారీ వాటి మీది అంకెలు కూడా అరిగిపోయాయి. టోకెన్ దొరకదన్న భయంతో పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసేవాళ్లం. చాలామందికి మూత్రంలో మంట, జ్వరం. సిగ్గుపడి ఎవరికి వారే దాచుకున్నాం. ఒక రోజు నా పక్క మిషన్ ఆమె గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నిలబడి ఉంటే ఏమైందని అడిగాను. చెప్పింది. నాకూ అంతే అన్నాను. రెండేళ్లు పక్కపక్కన కూర్చుని కుట్టిన మేము ఆ మాట ఒకరికొకరం చెప్పుకోవడం అదే మొదలు.

ఆ తర్వాత ఆరు వారాలు మేము కరపత్రం వేయలేదు, సభ పెట్టలేదు. మనుషులతో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాం. ఇంట్లో ఒక నోటుపుస్తకంలో లైను బొమ్మ గీశాను. మిషన్‌కొక గడి, గడిలో పేరు. విరామంలో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరికి కష్టం వస్తే ఎవరి దగ్గరికి వెళతారు, ఎవరు ఎవరితో మాట్లాడరు, అన్నీ గీతలతో కలిపాను. గట్టిగా మాట్లాడేవాళ్లే జనాన్ని కదిలిస్తారని అప్పటిదాకా అనుకునేదాన్ని. గీతలన్నీ వెళ్లి కలిసింది చివరి మిషన్ మీద కాలర్లు కుట్టే ఆమె దగ్గర. రోజంతా పది మాటలు మాట్లాడని మనిషి. కొత్తగా చేరిన పిల్లలకు సూది విరిగితే లేచి వెళ్లి మార్చి ఇచ్చేది ఆమే. ఆమె మాతో కలవడానికి నాలుగు వారాలు పట్టింది. కలిసిన మర్నాడు పదకొండు మంది వచ్చారు.

మాట్లాడడం అంటే ఎక్కువ సేపు వినడమే. మొదట వాళ్ల కష్టం అడుగు. ఆ తర్వాత తప్పకుండా అడగవలసింది ఇంకొకటి ఉంది: ‘దీన్ని మార్చడానికి నువ్వు ఏం చేయగలవు?’ చాలామంది ఆ ప్రశ్న అడగరు. అడగకపోతే అవతలి మనిషి నీకు మొర పెట్టుకుని, భారం దిగిందని వెళ్లిపోతాడు. అడిగితే ఆలోచనలో పడతాడు. ఇవేవీ కంపెనీ ఇచ్చిన ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ రాయవద్దు. కాగితం మీద రాసుకో, కాగితం ఇంట్లో పెట్టుకో.

అర్జీ రాసినప్పుడు సంతకాలు గుండ్రంగా, చక్రంలాగా పెట్టాం. ఇది పాతకాలపు నావికుల పద్ధతి. ఓడ కెప్టెన్‌కు ఫిర్యాదు రాస్తే మొదటి సంతకం చేసినవాణ్ని పట్టుకుని శిక్షిస్తారని వాళ్లు వలయంగా సంతకాలు చేసేవారు. మా మేనేజర్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, దీన్ని మొదలుపెట్టింది ఎవరని అడిగాడు. అందరం అన్నాం.

అర్జీకి జవాబు రాలేదు. ఒక రోజు సరిగ్గా పదకొండు గంటలకు ఇరవై ముగ్గురం ఒకేసారి మిషన్లు ఆపి లేచి నిలబడ్డాం. ఆ హాలులో మోత ఒక్కసారిగా తగ్గితే చెవులు ఎలా ఉంటాయో అనుభవించినవారికే తెలుస్తుంది. టోకెన్లు కావాలన్నాం. సూపర్‌వైజర్ చేతిలో ఉన్నవి రెండు. అతను మా వంక చూశాడు, బిళ్లల వంక చూశాడు. కాలర్లు కుట్టే ఆమె టోకెన్ తీసుకోకుండానే నడిచింది. ఆమె వెనుక మేమందరం నడిచాం. ఎనిమిదో రోజుకల్లా ఆ కొక్కెం గోడ మీద లేదు.

టోకెన్లు పోతే పెట్టుబడి పోతుందా? పోదు. అయితే తల వంచుకుని కుట్టిన అరవై మందికి తమ బలం ఎంతో ఆ రోజు కంటికి కనిపించింది. ఓవర్‌టైంకు సరైన రేటు అడగగలిగామన్నా, మూడేళ్ల తర్వాత పదిహేడు రోజులు సమ్మెలో నిలబడగలిగామన్నా ఆ పదకొండు గంటల వేళే కారణం.

నీ మొదటి వారం పని: నోటుపుస్తకం కొను. నీ షిఫ్టులో ఉన్నవాళ్ల పేర్లన్నీ రాయి. నీకు తెలియని పేర్లు ఎన్నో లెక్కపెట్టు.

జవాబు – అద్దె ఇంటి మనిషి

పనిచోటనే కాదు, ఇంటి దగ్గర కూడా ఇదే దారి. 1915లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జరిగింది చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఓడల కర్మాగారాల్లో పనికి జనం వెల్లువలా వస్తున్నారు, ఇదే అదనుగా ఇళ్ల యజమానులు అద్దెలు పెంచారు. గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ అనే గృహిణి, ఆమెతోపాటు మరెందరో ఆడవాళ్లు పెంపు కట్టేది లేదన్నారు. కిటికీలకు నోటీసులు అంటించారు. ఖాళీ చేయించడానికి అధికారులు వస్తే కాపలా ఉన్న ఆమె గంట వాయించేది. ఆ చప్పుడుకు మెట్ల మీదికి ఆడవాళ్లందరూ దిగివచ్చి, పిండి ముద్దలు, తడి బట్టలు విసిరి వాళ్లను తరిమేవారు. నవంబరు నాటికి అద్దె సమ్మెలో ఉన్నవాళ్లు సుమారు 20,000 మంది. నవంబరు 17న 18 మందిని కోర్టుకు ఈడ్చారు. ఓడల కర్మాగారాల కార్మికులు పని ఆపి కోర్టు ముందుకు వచ్చి నిలబడ్డారు. కేసులు వదిలేశారు. ఆ ఏడాది చివరికల్లా అద్దెలను యుద్ధానికి ముందున్న స్థాయి దగ్గర ఆపుతూ చట్టం వచ్చింది.

మా భవనంలో మేము పద్నాలుగు కుటుంబాలం ఈ కథ చదివాకే ఒక జాబితా చేసుకున్నాం. పైకప్పు కారేది నా ఒక్కడి గదిలోనే అనుకునేవాణ్ని. తొమ్మిది గదుల్లో కారుతోందట.

జవాబు – సహకార లెక్కలు

నేను పనివాళ్లే యజమానులైన ఒక చిన్న ముద్రణాలయంలో లెక్కలు చూస్తాను. ఎదిరించడంతోపాటు కట్టుకోవడం కూడా కావాలని నా నమ్మకం. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది, వాళ్లలో నేతపనివాళ్లు చాలామంది, తలా ఒక పౌను కూడబెట్టి దుకాణం తెరిచారు. మనిషికి ఒక ఓటు, కొన్నదాన్నిబట్టి లాభంలో వాటా, కల్తీ లేని సరుకు, మోసం లేని తూకం. ఇవి చాలా మామూలు నియమాల్లా కనిపిస్తాయి. ప్రపంచంలోని సహకార సంఘాలు చాలావరకు నేటికీ వాటి మీదే నడుస్తున్నాయి. స్పెయిన్‌లోని మోండ్రగాన్‌లో ఒక మతాధికారి 1943లో చిన్న సాంకేతిక పాఠశాల పెట్టాడు. అందులో చదివిన ఐదుగురు 1956లో స్టవ్‌లు తయారుచేసే కర్మాగారం మొదలుపెట్టారు. ఈనాడు ఆ సహకార సమాఖ్యలో దాదాపు 70,000 మంది పని చేస్తున్నారు. పాఠశాలకూ కర్మాగారానికీ మధ్య గడిచిన పదమూడేళ్లను గుర్తుంచుకోండి.

దాచకుండా ఇంకొకటి చెప్పాలి. మోండ్రగాన్‌కే చెందిన ఫాగోర్ గృహోపకరణాల సంస్థ 2013లో దివాలా తీసింది. మార్కెట్ మన మంచితనం చూసి కనికరించదు. మా ముద్రణాలయంలోనూ రెండు నెలలు జీతాలు తగ్గించుకోవలసి వచ్చింది. ఆ నిర్ణయం లెక్కల పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టి, అందరం చూసి, ఓటు వేసి తీసుకున్నాం. అంతకుముందు నేను పనిచేసిన చోట జీతం కోత సంగతి గేటుకు అంటించిన కాగితం చెప్పింది.

జవాబు – సందేహి

అందరి మాటలూ గౌరవంతోనే చదివాను. కానీ నా బాధ వేరు. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లుల్లో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మె చేశారు. దత్తా సామంత్ లాంటి నాయకుడున్నాడు, ఏడాదికి పైగా నిలబడిన జనం ఉన్నారు. ఏం మిగిలింది? ఉత్పత్తి మిల్లుల బయట ఉన్న మరమగ్గాలకు తరలిపోయింది. మిల్లులు మూతపడ్డాయి, ఆ తర్వాత ఆ స్థలాల్లో ఆకాశహర్మ్యాలు లేచాయి. సమ్మెను విరమిస్తున్నామని ప్రకటించిన రోజు కూడా ఒకటి లేదు. అంతమంది ఓడిపోయిన చోట ఇరవై ముగ్గురు ఏం చేస్తారు?

జవాబు – పాత కార్యదర్శి

ఈ ప్రశ్నకు తేలికగా జవాబు చెప్పి తప్పించుకోను. మా నాన్న కూడా సమ్మెలో పని పోగొట్టుకున్న మనిషే. ఓడిపోయిన సమ్మె ఇంట్లో ఎలా ఉంటుందో చిన్నప్పుడే చూశాను.

బొంబాయి కార్మికుల్లో ధైర్యానికి కొదవ లేదు. 1946 నాటి అక్కడి చట్టం ప్రకారం పరిశ్రమ మొత్తానికీ గుర్తింపు పొందిన ఒక్క సంఘమే బేరమాడాలి. కార్మికులు నమ్మిన సంఘానికి ఆ గుర్తింపు లేదు. మిల్లు ఆగినా బట్ట ఆగలేదు, ఎందుకంటే మరమగ్గాల మీద నేసేవాళ్లు ఆ సమ్మెలో లేరు. నేను నేర్చుకున్నది ఇదీ: సమ్మెకు దిగే ముందు మన పని ఆగితే అది ఎక్కడికి తరలుతుందో కనుక్కుని, అక్కడివాళ్లతో ముందే మాట్లాడాలి. మా పదిహేడు రోజుల సమ్మెకు ముందు ఐదు నెలలు మేము చేసిన పని అదే. మా బట్టలు ఇంకెక్కడ కుట్టిస్తారో తెలుసుకుని ఆ మూడు యూనిట్ల గేట్ల దగ్గరికీ వెళ్లాం. రెండు చోట్ల మా ఆర్డర్లు కుట్టబోమన్నారు. మూడో చోట కుట్టారు. అందుకే మేము అడిగినదాంట్లో సగమే వచ్చింది.

1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్ష తోటల కూలీలకూ సమ్మె ఒక్కటే చాలలేదు. ముందు ఫిలిపినో కూలీలు దిగారు, వారం తర్వాత మెక్సికన్ కూలీలు కలిశారు. అప్పటిదాకా ఒకరి సమ్మెను ఒకరితో విరగ్గొట్టించడం యజమానులకు అలవాటు. తోటల్లో గెలవలేకపోతున్నామని గ్రహించి వాళ్లు నగరాలకు వెళ్లారు, ఆ ద్రాక్ష కొనవద్దని జనాన్ని అడిగారు. ఒప్పందాలు కుదిరేసరికి 1970 వచ్చింది. తమ్ముడు కొనడం మానేస్తే ఎవరికీ పట్టలేదన్నాడు కదా. ఆ కూలీలు అడిగారు కాబట్టి, అందరూ ఒకే సరుకును ఒకేసారి మానేశారు కాబట్టి అక్కడ పట్టింది.

ఇంకొకటి, డబ్బు సంగతి. మేము సమ్మెకు రెండేళ్ల ముందు నుంచే నెలనెలా చందా వసూలు చేశాం. బ్యాంకులోంచి తీయాలంటే ముగ్గురిలో ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి నెలా లెక్క అందరి ముందు చదివేదాన్ని, బస్సు టికెట్టు ఖర్చుతో సహా. వినేవాళ్లకు విసుగు పుట్టేది. అయినా చదివేదాన్ని. దానికి ముందు మా దగ్గరే ఒక సంఘం పుట్టి, రసీదు లేని చందా దగ్గర అనుమానాలు మొదలై, యజమాని వేలు పెట్టకుండానే కూలిపోయింది. ఆ గాయం మానడానికి మాకు ఆరేళ్లు పట్టింది.

ప్రశ్న అడిగినవారి మాట – రాత్రి షిఫ్టు

అక్కా, నోటుపుస్తకం కొన్నాను. మా షిఫ్టులో మొత్తం 47 మంది. పేర్లు తెలిసినవాళ్లు 19 మంది. మూడేళ్లు పని చేసి 28 మంది పేర్లు తెలియవని రాసుకుంటుంటే చాలాసేపు పెన్ను కదల్లేదు.

నిన్న మోకాలి నొప్పి అతని ఇంటికి వెళ్లాను. తలుపు తీసి కాసేపు అలాగే చూశాడు, లోపలికి రమ్మన్నాడు. ఆ రోజు మాట్లాడనందుకు క్షమించమని అడిగాను. అతను దానికి జవాబు చెప్పలేదు, నోటుపుస్తకం మాత్రం తీసుకుని చూశాడు. ఖాళీ గడుల్లో ఆరింటికి పేర్లు రాశాడు. ట్రాలీలు నెట్టే ఒకాయన పేరు కింద గీత గీసి, ముందు ఇతనితో మాట్లాడు, నాకు పని పోయినప్పుడు వచ్చింది ఇతనొక్కడే అన్నాడు.

ఆయనది శనివారం సెలవు. శనివారం వెళుతున్నాను.