‘మజిలీ’లో శ్రావణిది ప్రేమా, చాకిరీనా?

పర్లాకిమిడి రైలు: నిన్న టీవీలో మళ్లీ ‘మజిలీ’ చూశాం. 2019లో వచ్చింది, శివ నిర్వాణ తీశాడు. తొలి ప్రేమ అంషు దూరమయ్యాక క్రికెట్ వదిలేసి తాగుడులో పడ్డ హీరో పూర్ణని భార్య శ్రావణి ఓపికే మళ్లీ మనిషిని చేసింది. ఇంకో అవకాశం ఇవ్వడమంటే అదీ. మీరేమంటారు?

గుణుపురం పిల్ల: ఆవిడ రైల్వే జీతంతో ఆయన తాగుతాడు. అది ప్రేమా అన్నా?

బరంపురం బాబు: పెళ్లయ్యాక చైతూ, సమంత కలిసి చేసిన మొదటి సినిమా. విశాఖ. ఇంకేటి కావాలి!

పర్లాకిమిడి రైలు: ఆలుమగల మధ్య జీతం లెక్కలేటి చెల్లెమ్మా? నా ఉద్యోగం పోయినప్పుడు మా ఆవిడే మిషను కుట్టి ఇల్లు నడిపింది. ఒక్క మాట అనలేదు.

గుణుపురం పిల్ల: మీకు ఉద్యోగం పోయింది. పూర్ణ పని చెయ్యనని కూర్చున్నాడు. రెండూ ఒకటేనా?

రాయగడ రావు: శ్రావణి రైల్వేలో ఏ పోస్టు?

పర్లాకిమిడి రైలు: ఈ కాలం పిల్లలకి కాపురమంటే పద్దుల పుస్తకమే. సర్దుకుపోవడం చేతకాక సినిమా మీద పడుతున్నారు.

గుణుపురం పిల్ల: చేతకాకా? మా అక్క అంగన్‌వాడీ జీతం కవరు విప్పకుండా బావ చేతిలో పెట్టేది. ఆయన వేరే ఆమెని తలుచుకుంటూ తాగేవాడు. చివరికి మహేంద్రతనయ నది దాటి ఆంధ్రా వైపు పాతపట్నంలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మన పెద్దలే వెళ్లి అక్షింతలేసి వచ్చారు. అక్కకి సంబంధం చూద్దామంటే మాత్రం ‘పాప ఉంది కదమ్మా, ఇంకెందుకు’ అన్నారు.

రాయగడ రావు: విడాకులయ్యాయా? లేకపోతే 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం ఆ పెళ్లి చెల్లదు. కేసు పెట్టండి.

గుణుపురం పిల్ల: అవలేదు. కేసంటే ఇటు ఒడిశా పోలీసులు ఆంధ్రాకి పొమ్మంటారు, అటు ఆంధ్రావాళ్లు ఒడిశాకి. సరే, సినిమాకే వద్దాం. అంషు చనిపోయిందని తెలిసి, ఆమె కూతురు మీరా వచ్చాకే పూర్ణకి పెళ్లాం కనిపించింది. అంషు బతికుండి తిరిగొస్తే? శ్రావణి ఏమయ్యేది? ఆమెకి ఇంకో అవకాశం ఎవరిచ్చేవారు? మనవాళ్లలో అది ఎప్పుడూ మగాడికే.

బరంపురం బాబు: అక్క గురించి విని బాధేసిందమ్మా.

పర్లాకిమిడి రైలు: మీ అక్కకి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ మా ఆవిడ నా కోసం పడ్డదాన్ని చాకిరీ అంటే ఊరుకోను. అది ప్రేమే. అది లేకపోతే నేను లేను.

గుణుపురం పిల్ల: ఆ మాట వదిన నోట వినాలన్నా. ఎప్పుడైనా అడిగారా?

పర్లాకిమిడి రైలు: అడగక్కర్లేదు. నాకు తెలుసు.

గుణుపురం పిల్ల: పూర్ణ కూడా తనకి అన్నీ తెలుసనే అనుకున్నాడు. అడిగొచ్చి రాయండి.