సిద్ధాంత గ్రంథంలో శీర్షికల సంఖ్యలు వరుస తప్పుతున్నాయి: వర్డ్‌లో పరిష్కారం ఏమిటి?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని

నమస్కారం. జానపద సాహిత్యంపై రాస్తున్న నా సిద్ధాంత గ్రంథం అధ్యాయాలన్నింటినీ మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఒకే ఫైలుగా కూరుస్తున్నాను. అధ్యాయాల పేర్లకు హెడింగ్ 1, లోపలి విభాగాలకు హెడింగ్ 2 స్టైల్ పెట్టి, మల్టీలెవెల్ లిస్ట్‌లో 1, 1.1, 1.1.1 అని వచ్చే నమూనాను ఎంచుకున్నాను. మొదటి రెండు అధ్యాయాలలో ఇబ్బంది లేదు. మూడో అధ్యాయాన్ని బయట టైపు చేయించాను; అందులో మొదటి విభాగానికి 3.1 రావలసి ఉండగా 2.5 వస్తున్నది. నాలుగో అధ్యాయం పేరు రెండు వరుసలలో ఉంటుంది; మొదటి వరుసకు 3, రెండో వరుసకు 4 అని విడివిడిగా సంఖ్యలు పడుతున్నాయి, కానీ విచిత్రంగా దాని విభాగాలు మాత్రం 4.1, 4.2 అని సరిగ్గానే ఉన్నాయి. ఐదో అధ్యాయాన్ని నా పాత ఎం.ఫిల్. ఫైలు నుంచి కాపీ చేసి తెచ్చాను. అది మళ్ళీ 1తో, 1.1తో మొదలవుతున్నది. ఒక చోట సరిచేస్తే మరొక చోట చెడుతున్నది. దయచేసి మార్గం చెప్పగలరు.

సమాధానం: కార్యాలయ ఉద్యోగి

తప్పుగా ఉన్న సంఖ్య మీద మౌస్ కుడి బటన్ నొక్కితే సెట్ నంబరింగ్ వాల్యూ అని వస్తుంది. అందులో మీకు కావలసిన అంకె వేయండి. ఐదో అధ్యాయానికి 5 వేస్తే దాని కింది విభాగాలు కూడా 5.1 నుంచి మొదలవుతాయి. మా కార్యాలయంలో నివేదికలకు ఇలాగే చేస్తున్నాము.

సమాధానం: పుస్తకాల కూర్పరి

పై సలహా నాలుగు పేజీల నివేదికకు సరిపోతుంది గానీ, సిద్ధాంత గ్రంథానికి నేను దానిని సూచించను. అలా వేసిన 5 ఆ చోటనే బిగుసుకుపోతుంది. రేపు మీ పర్యవేక్షకులు మధ్యలో మరొక అధ్యాయం చేర్చమంటే ముందున్నవి జరుగుతాయి, ఇది మాత్రం 5గానే నిలిచి ఉంటుంది.

హెడింగ్‌కు వచ్చే సంఖ్య మనం టైపు చేసిన అక్షరం కాదు. వర్డ్ ఒక జాబితాను పెట్టుకొని, ఆ జాబితాకు చెందిన పేరాగ్రాఫ్‌లను పైనుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. కాబట్టి తప్పు ఏ రూపంలో ఉన్నదో చూస్తే కారణం తెలిసిపోతుంది. మూడో అధ్యాయంలో 2.5 వచ్చిందంటే ఆ అధ్యాయం పేరు అసలు లెక్కలోకే రాలేదు. 3.5 వచ్చి ఉంటే అధ్యాయం లెక్కకు వచ్చింది కానీ విభాగాల లెక్క కొత్తగా మొదలు కాలేదని అర్థం. ఐదో అధ్యాయంలో లాగా మళ్ళీ 1 వస్తే అక్కడ వేరొక జాబితా నడుస్తున్నది.

వ్యూ ట్యాబ్‌లో నావిగేషన్ పేన్ తెరవండి. నిజమైన హెడింగ్ స్టైల్ ఉన్నవే అక్కడ కనిపిస్తాయి. మీ మూడో అధ్యాయం పేరు అక్కడ ఉండదని నా అంచనా. టైపు చేసినవారు దానిని పెద్ద అక్షరాలలో, బోల్డ్‌లో పెట్టి, ముందు 3 అని చేత్తో కొట్టి ఉంటారు. అను అనే పాత, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి అతికించినా ఇదే జరుగుతుంది, అక్షరాలు వస్తాయి కానీ స్టైల్స్ రావు. ఆ వరుసకు హెడింగ్ 1 పెట్టి, చేత్తో వేసిన అంకెను తీసివేయండి.

నాలుగో అధ్యాయంలో పేరు మధ్యన ఎంటర్ నొక్కడం వలన అది రెండు పేరాగ్రాఫ్‌లయింది, రెండింటికీ చెరొక సంఖ్య పడింది. విభాగాలు 4.1గా ఉండడం కేవలం కాకతాళీయం: మూడో అధ్యాయం లెక్కలోకి రాక ఒకటి తగ్గింది, ఇక్కడ ఒకటి పెరిగింది, రెండు తప్పులూ చెల్లుకు చెల్లు అయ్యాయి. మూడో అధ్యాయాన్ని సరిచేయగానే ఇవి 5.1 అవుతాయి, కంగారు పడకండి. ఎంటర్ తీసివేసి షిఫ్ట్+ఎంటర్ నొక్కితే వరుస విరుగుతుంది, పేరాగ్రాఫ్ ఒక్కటిగానే ఉంటుంది. అయితే ఆ విరుపు విషయసూచికలోకి కూడా వస్తుంది. అది నచ్చకపోతే రెండు వరుసలను ఒక ఖాళీతో కలిపి, వర్డ్ తనంతట తాను మడిచేలా వదిలేయండి.

ఐదో అధ్యాయాన్ని అతికించేటప్పుడు కీప్ సోర్స్ ఫార్మాటింగ్ ఎంచుకుంటే పాత ఫైలులోని జాబితా కూడా వెంట వస్తుంది. యూజ్ డెస్టినేషన్ స్టైల్స్‌తో మళ్ళీ అతికించండి. ఈలోపు ఆ అధ్యాయంలో మార్పులు చేసి ఉంటే, ఒక్కొక్క శీర్షికలో కర్సర్ ఉంచి కంట్రోల్+క్యూ నొక్కండి. పేరాగ్రాఫ్‌కు విడిగా అంటుకున్న ఫార్మాటింగ్ పోయి స్టైల్‌లో ఉన్నదే మిగులుతుంది.

ఇవన్నీ అయ్యాక జాబితాను స్టైల్స్‌తో ఒక్కసారి గట్టిగా ముడివేయాలి. మొదటి అధ్యాయం పేరులో కర్సర్ ఉంచి, హోమ్ ట్యాబ్‌లో మల్టీలెవెల్ లిస్ట్, డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్, ఆపైన మోర్ నొక్కండి. లింక్ లెవెల్ టు స్టైల్ దగ్గర లెవెల్ 1కి హెడింగ్ 1, లెవెల్ 2కి హెడింగ్ 2 ఎంచుకొని, లెవెల్ 2లో రీస్టార్ట్ లిస్ట్ ఆఫ్టర్ లెవెల్ 1 అనే చోట టిక్ ఉన్నదో లేదో చూడండి. పైన చెప్పిన 3.5 రకం తప్పు ఆ టిక్ లేకపోవడం వలననే వస్తుంది. ఇకముందు ఏ మార్పు కావాలన్నా మొదటి హెడింగ్ 1 నుంచే ఈ డైలాగ్ తెరవండి. కనిపించిన చోటల్లా నంబరింగ్ బటన్ నొక్కడం వలననే ఫైలులో కొత్త కొత్త జాబితాలు పుట్టుకొస్తాయి.

సమాధానం: లిబ్రెఆఫీస్ వాడుకరి

లిబ్రెఆఫీస్ రైటర్‌లో పనిచేసేవారి కోసం ఒక మాట. అక్కడ ఈ అమరిక అంతా టూల్స్ మెనూలోని హెడింగ్ నంబరింగ్‌లో ఉంటుంది. పాత వెర్షన్లలో దాని పేరు చాప్టర్ నంబరింగ్. వర్డ్‌లో 9 స్థాయిలుంటే ఇందులో 10 ఉంటాయి. విభాగాలకు 2.1కి బదులు వట్టి 1 వస్తుంటే లెవెల్ 2లో షో సబ్‌లెవెల్స్‌ను 2 చేయాలి. ఒకే గ్రంథాన్ని కొన్నాళ్ళు ఇందులో, కొన్నాళ్ళు అందులో తెరిచి దిద్దవద్దు. జాబితాలు చెదిరితే తిరిగి ముడివేసుకోవలసి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కూర్పరి గారు చెప్పినట్లే మూడో అధ్యాయం పేరు నావిగేషన్ పేన్‌లో లేదు. ఇప్పుడు అన్ని అధ్యాయాలూ వరుసలో ఉన్నాయి. మరి రెండు సందేహాలు మిగిలాయి. శీర్షికలోని తెలుగు అక్షరాలు పెద్దవిగా, ముందున్న అంకె చిన్నదిగా, వేరొక ఫాంట్‌లో కనిపిస్తున్నది. ముందుమాటకు, ఉపయుక్త గ్రంథసూచికి కూడా అధ్యాయ సంఖ్యలు పడుతున్నాయి. అవి విషయసూచికలో ఉండాలి, కానీ సంఖ్య ఉండకూడదు.

సమాధానం: పుస్తకాల కూర్పరి

మొదటిది తెలుగులో రాసే మనబోటివారికే ఎక్కువగా ఎదురయ్యే చిక్కు. వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్‌గా లెక్కించి, దాని ఫాంట్‌ను, సైజును, బోల్డ్‌ను లాటిన్ అక్షరాల అమరిక నుంచి వేరుగా ఉంచుతుంది. 1, 2 వంటి అంకెలు లాటిన్ వైపు అమరికను తీసుకుంటాయి. మీరు తెలుగు పాఠాన్ని గౌతమి ఫాంట్‌లో 18 సైజు చేసినా అంకె మునుపటి ఫాంట్‌లో, మునుపటి సైజులో ఉండిపోవడానికి కారణం అదే. హెడింగ్ 1 మీద మౌస్ కుడి బటన్ నొక్కి, మోడిఫైలో ఫార్మాట్, ఫాంట్ తెరిచి, లాటిన్ టెక్స్ట్, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ రెండు చోట్లా ఒకే ఫాంట్, ఒకే సైజు పెట్టండి. హెడింగ్ 2కి కూడా అంతే. అప్పటికీ ఏదో ఒక్క శీర్షికలో అంకె తేడాగా కనిపిస్తే, సంఖ్య తన రూపాన్ని పేరాగ్రాఫ్ చివరి గుర్తు (¶) నుంచి తీసుకుంటుంది కాబట్టి, ఆ గుర్తుతో సహా వరుసను ఎంచుకొని కంట్రోల్+స్పేస్ నొక్కండి.

రెండోదానికి సంఖ్యను బ్యాక్‌స్పేస్‌తో తుడిచివేయవద్దు, స్టైల్ మళ్ళీ వేసినప్పుడు అది తిరిగి వస్తుంది. హెడింగ్ 1 ఆధారంగా సంఖ్యలేని శీర్షిక అనే కొత్త స్టైల్ చేసి, దాని నంబరింగ్‌ను నన్ (ఏదీ లేదు) చేయండి, అవుట్‌లైన్ లెవెల్ 1గా ఉంచండి. విషయసూచిక ఆప్షన్లలో అవుట్‌లైన్ లెవెల్స్ టిక్ అయి ఉంటే ఇవి కూడా అందులో చేరతాయి.

పాఠంలో 3.2 చూడండి అని చేత్తో రాసుకున్నవి ఉంటే వాటిని క్రాస్ రెఫరెన్స్‌లుగా (శీర్షిక సంఖ్యను వర్డే తెచ్చి చూపే సూచనలుగా) మార్చుకోవడం మంచిది, లేకపోతే ఇప్పుడు మారిన సంఖ్యలకు అవి పొంతన లేకుండా మిగులుతాయి. చివరగా కంట్రోల్+ఏ, ఎఫ్9 నొక్కి, విషయసూచిక గురించి అడిగినప్పుడు అప్‌డేట్ ఎంటైర్ టేబుల్ ఎంచుకోండి. పేజీ సంఖ్యలు మాత్రమే అనేదానిని ఎంచుకుంటే పాత శీర్షిక సంఖ్యలే ఉండిపోతాయి.