ఫుషిమి ఇనారిలో చెప్పులు యాడ విడవాల?

తుంగభద్రగట్టు:
వచ్చే నెల కర్నూలు నుంచి అమ్మానాయనలతో జపాన్‌లో క్యోటో పోతాన్నాం. అక్కడి ఫుషిమి ఇనారి గుడికి ఒక్క పూటే. నాయనకు మోకాళ్ల నొప్పి. చెప్పులు యాడ విడవాల? టెంకాయ కొట్టచ్చా? ఎంత ఎక్కాల? శాకాహారం దొరుకుతాదా?

బురుజుకాడ:
చెప్పులు విడిచే పని లేదు. టెంకాయ, కర్పూరం ఉండవు. అమ్మకు ఒక మాట ముందే చెప్పి పెట్టండి: మూలవిరాట్టు దర్శనం ఉండదు. దేవత కొలువున్న వస్తువు లోపలే, ఎవరికీ చూపరు. నక్క బొమ్మలే దేవుళ్లనుకుంటారు చాలామంది. ఇనారి వరి పంటను కాచే దేవత, నక్కలు ఆ దేవత దూతలు. అందుకే కొన్నింటి నోట్లో వరికంకి, కొన్నింటి నోట్లో ధాన్యపు కొట్టు తాళంచెవి.

ముందు నీళ్లతొట్టి. కుడిచేత్తో గరిటె నిండా ముంచి ఎడమ చెయ్యి కడగాల, చెయ్యి మార్చి కుడిది, మళ్లా మార్చి ఎడమ అరచేతిలో పోసుకుని నోరు పుక్కిలించాల. ఎడమ చెయ్యి ఇంకోసారి కడిగి గరిటె నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లతో కాడ కూడా శుభ్రమవుతాది. అంతా ఒక్క గరిటె నీళ్లతోనే, కాబట్టి మొదట్లోనే ఒలకబోయొద్దు. గరిటె నోటికి ఆనించొద్దు, తొట్లో ఉమ్మొద్దు. మహానంది కోనేరు అలవాటుతో చేతులు ముంచేరు, జాగ్రత్త. గరిటెలు లేకుంటే ధార కింద కడుక్కుంటే చాలు.

తర్వాత హుండీలో నాణెం, రెండుసార్లు నడుము వంచి దండం, రెండు చప్పట్లు, మొక్కు, చివర ఇంకో దండం. 5 యెన్ల బిళ్ల వేస్తారు, వాళ్ల భాషలో 5 యెన్లను ‘గో-ఎన్’ అంటారు, ఆ మాటకు అనుబంధం అని కూడా అర్థం.

ఆదోనిబాట:
క్యోటో స్టేషన్లో జేఆర్ నారా లైన్ లోకల్ రైలు ఎక్కండి, రెండో స్టాపే ఇనారి. ర్యాపిడ్ ఎక్కితే అక్కడ ఆగదు. టికెట్ లేదు, రాత్రింబగళ్లు తెరిచే ఉంటాది. పొద్దున 8 లోపల పోతే జనం తక్కువ.

కొండ 233 మీటర్లే, కానీ పూర్తి చుట్టు 4 కిలోమీటర్లు, రెండు గంటలు, అంతా మెట్లు. నాయనకు వరుస తోరణాలు (ఎర్ర ద్వారాలు) దాటి ఒకుషా అనే లోపలి గుడి దాకా చాలు. పైన యోత్సుత్సుజి దగ్గర ఊరంతా కనిపిస్తాది, అది మీకు. తోరణాలు దాదాపు 10,000, దాతల పేర్లు వెనకవైపు చెక్కింటారు, దిగేటప్పుడు చూడండి.

పప్పులపొడి:
తిండి దగ్గరే మోసపోతారు. ఇనారి సూషీ అంటే వేయించిన టోఫు (సోయా పాల పనీరు) సంచిలో అన్నం, చూస్తే శాకాహారమే. కానీ ఆ టోఫును ఉడికించే దాషీ అనే రసం మామూలుగా ఎండుచేపతో కాస్తారు. కిత్సునే ఉడోన్ (వేయించిన టోఫు వేసిన నూడుల్స్ రసం) కూడా అంతే. ‘మాంసం ఉందా’ అంటే లేదంటారు, ఈ రసం వాళ్ల లెక్కలోకి రాదు. ‘దాషీ’ అని పేరు పెట్టి అడగండి. ఆ పూటకు బొరుగులు సంచిలో ఉంచుకోండి.