మా వాగుకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నట్టు?

మెట్టరైతు: మాది కందుకూరు–పామూరు మధ్య ఒక పల్లె. ఊరి పడమట చిన్న వాగు, పోయి మన్నేరులో కలుస్తుంది. దీని వరస అంతుబట్టడం లేదు, మా ఊళ్ళో కుండపోతగా కురిసినరోజు మోకాలిలోతు రాదు, చినుకు పడనిరోజు తెల్లారేసరికి చప్టా మీద నీళ్ళెక్కి బస్సు ఆగిపోతుంది. ఆ చప్టా పక్కనే పొలం కౌలుకి తీసుకున్నా, టెన్షన్‌గా ఉంది. గూగుల్ మ్యాపులో నీలిగీత సగం దూరం వచ్చి మాయమవుతోంది.

కొండవాలు: గీత వదిలెయ్ అన్నా, మిట్ట పట్టుకో. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు (ఎత్తుపల్లాలు చూపే పటం) తీసుకుని, వాగు మన్నేరులో కలిసేచోట పెన్సిల్ పెట్టి, అక్కణ్ణించి రెండు పక్కలా మిట్టల మీదుగానే పైకి గీసుకుంటూ పో. కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) మొన ఎగువకి తిరిగి ఉంటే అది పల్లం, దిగువకి ఉబ్బి ఉంటే మిట్ట. రెండు గీతలూ పైన కలిస్తే లోపలున్నదంతా నీ వాగు సొత్తు. ఒక చదరపు కిలోమీటరు మీద 1 మి.మీ. వాన పడితేనే 10 లక్షల లీటర్లు, కాబట్టి మీ ఊళ్ళో పడిందా లేదా అన్నది దానికి పెద్ద లెక్క కాదు. వెలిగొండలకి అవతల పడింది మాత్రం మనకి రాదు, అది సగిలేరు దారిన పెన్నలోకి పోతుంది.

కలుజుగట్టు: కాంటూర్లతో సగమే తేలుతుంది, ఎగువ చెరువులెన్నో చూశారా? తొలి వానలకి ఎండిన నేల తాగేస్తుంది, మిగిలింది చెరువులు పట్టేస్తాయి, మీకు రాదు. కార్తీకంలో అన్నీ నిండి ఉన్నప్పుడు పైన ఒక్క వాన పడితే చాలు, ఒకదాని కలుజు (నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటు) పారి ఇంకోదాన్ని నింపి, అర్ధరాత్రికి మొత్తం మీ చప్టా మీదికి దిగుతుంది. మన్నేరు మీద పైన మోపాడు, కింద రాళ్ళపాడు జలాశయాలు కూడా అదే వరస, కాకపోతే పెద్దవి. 2022లో కందుకూరు నెల్లూరు జిల్లాలోకి పోయింది, మోపాడు ప్రకాశంలోనే ఉండిపోయింది, అప్పుడు ఏరు ఒకటే, కలెక్టర్లు ఇద్దరయ్యారు!

చెలమనీళ్ళు: ఇంకోటి ఉంది. చప్టాకి మన్నేరు దగ్గరైతే, ఏరు నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్ళకి పోయే దారుండదు, వెనక్కి తంతాయి. ఈసారి నీళ్ళెక్కితే చెత్తాచెదారం ఎటు పోతోందో చూడండి, కదలకుండా తిరుగుతుంటే అది ఎగువ వరద కాదు, ఏటి పోటు.

మెట్టరైతు: మన్నేరు రెండు ఫర్లాంగులే అన్నా. పోయినసారి తుమ్మకొమ్మలు, కొబ్బరిమట్టలు చప్టా పైవైపే సుడి తిరుగుతూ ఉండిపోయాయి, నీళ్ళు దిగడానికి రెండ్రోజులు పట్టింది.

చెలమనీళ్ళు: అయితే ఏటి పోటే. ఎగువ చెరువుల కంటే మన్నేరు మట్టం మీద కన్నేసి ఉంచండి. చప్టా వైపు మళ్ళల్లో నీళ్ళెక్కే ఆ రోజుల్లో మినుము వెయ్యకండి, వరి అయితే రెండ్రోజుల మునక తట్టుకుంటుంది.