చెక్క పడవ అడుగు నుంచి నీళ్లు ఎట్లా దూరవు? (సెకోయా గురించి)

బురుజుకాడ వడ్రంగి, కర్నూలు:
కొండారెడ్డి బురుజు దగ్గర మాకు తలుపులు, మంచాలు చేసే షాపుంది. ఒకాయన సెకోయా అనే అమెరికా పడవ ఫోటో తెచ్చి, షోకేసులో పెట్టుకోవడానికి మూడడుగుల నమూనా చేసిమ్మన్నాడు. వాళ్ల ప్రెసిడెంట్లు తిరిగిన మోటారు పడవట. అసలుది 104 అడుగులు, మొత్తం చెక్కే అంటే నమ్మబుద్ధి కాలేదు. వానలు పడితే నేను చేసిన తలుపే ఉబ్బి గడపకు పట్టేస్తుంది. అంత చెక్క ఏళ్ల తరబడి నీళ్లలో ఎట్లుంటుంది? కట్టిందెవరు? ముక్కు దగ్గర బంగారు రంగు తీగ డిజైనేంది?

తుంగభద్ర గట్టు:
అన్నా, మీ తలుపును పట్టేసే ఆ ఉబ్బడమే పడవను కాపాడుతుంది. పలకలను అంచుకు అంచు ఆనించి కొడతారు. సందుల్లో దూది కూరి, పైన లప్పం పెడతారు. నీళ్లలోకి దించాక పలకలు ఉబ్బి సందులు బిగుసుకుంటాయి. ఒడ్డున పెడితేనే కష్టం. సెకోయా అట్లాగే వర్జీనియాలో కోర్టు గొడవల మధ్య ఏళ్లకేళ్లు గట్టు మీద ఎండి పాడైంది, లోపల రకూన్లు (పిల్లి సైజు అడవి జంతువులు) కూడా కాపురం పెట్టినాయి. 2019లో రిపేరుకు మెయిన్ (Maine) అనే అమెరికా రాష్ట్రానికి తీసుకుపోయినారు.

పడవ డిజైన్ గీసింది జాన్ ట్రంపీ. నార్వేలోని బెర్గెన్‌లో 1879లో పుట్టి, అమెరికా పోయినాడు. న్యూజెర్సీలోని కామ్డెన్‌లో మాథిస్ అనే పడవలు కట్టే యార్డులో 1925లో ఇది తయారైంది. పలకలు పసుపు పైన్ చెట్టు చెక్క. ముక్కు మీది తీగ చెక్కడం ఆయన పడవలకు గుర్తు లాంటిది, దానికి బంగారు రేకు వేస్తారు. ఆ యార్డే తర్వాత ట్రంపీ పేరుతో అన్నాపొలిస్‌కు మారింది. ఫైబర్‌గ్లాస్ వచ్చాక అంత ఖర్చుతో చెక్క పని చేయించుకునేవాళ్లు తగ్గి, 1970ల్లో మూతపడింది. నన్నడిగితే ప్రెసిడెంట్ల కథల కంటే ఆ యార్డు కథే పెద్దది.

కేసీ కాలువ:
కథలూ తక్కువేం కాదులే. పోలియోతో నడవలేని ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కోసం లిఫ్టు పెట్టినారు. తర్వాత ప్రెసిడెంటైన జాన్సన్ దాన్ని పీకించి బారు పెట్టించినాడు! రాజీనామా చేస్తున్నట్టు నిక్సన్ ఇంట్లోవాళ్లకు చెప్పింది ఈ పడవలోనే అంటారు. ఖర్చెందుకని 1977లో కార్టర్ అమ్మేయించినాడు.
మన దగ్గర గుండ్రటి బుట్ట పడవలు, అదే పుట్టీలే కదా అనుకోవద్దు. సుంకేసుల నుంచి కడపకు పోయే కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో తవ్వించింది పొలాలకే కాదు, పడవలకు కూడా. నష్టాలొచ్చి 1882లో సర్కారుకు అమ్మేసింది.

బురుజుకాడ వడ్రంగి:
ఎండకాలం బండి చక్రాన్ని కమ్మి ఊడకుండా వంకలో నానేసినట్టన్నమాట. అర్థమైంది. నమూనా నీళ్లలోకి దిగదు కాబట్టి దూది అక్కర్లేదు, సన్న టేకు పట్టీలు వంచి అతికిస్తా. బంగారు రేకు నిజంది కావాలంటే మాత్రం అడ్వాన్సు పెంచాలి, ఆయనకు రేపు ఫోన్ చేస్తా.